తాలు కాయ

పగలంతా నా పని ఎరుపుకి లెక్క కట్టడం.
చుట్టుగుంట దాటాక మేడ మీద ల్యాబు.
కాయని పొడి కొట్టి, ఎసిటోన్‌లో నానేసి,
ఆ నీళ్ళని గాజు డబ్బీలో పోసి దీపానికి అడ్డం పెడతాను.
ఎంత వెలుగు మింగితే అంత రంగు,
ఎంత రంగైతే అంత రేటు.
తేజ, బాడిగ, మూడు నలభై ఒకటి,
పేరేదైనా రిపోర్టులో అంకె అయిపోతుంది.
తాలు కాయ మాత్రం నా దాకా రాదు.
యార్డులోనే ఏరి పక్కన పోస్తారు.

రాత్రి, బ్రాడీపేటలో నా గది.
పదేళ్ళ కిందట ఏదో ఉపగ్రహం ఒడిసిపట్టిన ఎక్స్ కిరణాలు
పాత ల్యాప్‌టాప్‌లోకి గింజ గింజగా దిగుతాయి.
జంట నక్షత్రం.
ఒకటి నీలంగా, బలిసి,
ఒంట్లో ఉన్నదంతా గాలికి వదిలేస్తోంది.
రెండోది ఎప్పుడో పేలిపోగా మిగిలిన తాలు.

తాలంటే తేలిక అనుకునేరు.
గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో సరుకంతా తెచ్చి
కాటాలో ఒక పక్క పోసినా
ఆ నక్షత్రంలో చిటికెడు ఉన్న పక్క పైకి లేవదు.
ఈ సంగతి టిక్కీలు మోసే నాగుల్ మీరాకి చెబితే
బీడీ చెవి సందున పెట్టుకుని
చాలాసేపు ఆలోచించి అడిగాడు:
"మరి దాన్ని దించేదెవరమ్మా?"

ఎవరూ లేరు మీరా.
అక్కడ ఎక్కించడమే ఉంది, దించడం లేదు.
పడేది మాత్రం పడుతూ పడుతూ
ఒళ్ళు కాలి కేక పెడుతుంది.
ఆ కేకనే నేను చదివేది.

ఒక గీత గీస్తాను. సరిపోదు.
దారిలో దుమ్ము ఇంత తినేసి ఉంటుందని కలుపుతాను
(దుమ్ము సంగతి ఈ ఊళ్ళో ఎవరికి చెప్పాలి),
మళ్ళీ గీస్తాను. అంతా కుదిరింది అనుకునే లోపు
ఆరు పాయింట్ నాలుగు దగ్గర ఒక బొడిపె.
ఇనుము.
గీతతో ఎంత అదిమినా లేచి కూర్చుంటుంది.
ఇందుమౌళి మేడమ్ ఫోన్‌లో అన్నారు:
"ముందు బొడిపెని నమ్ము. గీతని తర్వాత నమ్ముదువుగాని."

నాలుగు రోజులకోసారి తాలు నక్షత్రం
పెద్దదాని చాటుకి వెళ్తుంది.
కొన్ని గంటలు మరుగు.
లెక్క ధడాలున పడిపోతుంది.
ఆ ముక్కని ఏడాదిగా కోసి పారేస్తున్నాను,
చీకట్లో చెత్త తప్ప ఏముంటుందని.

మే నెల. యార్డుకి సెలవులు.
లారీ లేదు, పాట లేదు, కాటా లేదు,
షెడ్ల కింద కుక్కలు ఒళ్ళు విరుచుకుంటున్నాయి.
అడ్డదారిన వెళ్దామని గేటు దాటానో లేదో
పొలమారింది. కళ్ళమ్మట నీళ్ళు.
వాచ్‌మన్ ఏసోబు చెంబు అందించి నవ్వాడు:
"ఒక్క కాయ లేదు మేడమ్. ఘాటు ఎటు పోద్దీ!"

ఆ రాత్రే, పారేసిన ముక్కని వెనక్కి తీశాను.
మిగతా వెలుగంతా కుంగిపోయిన చోట
బొడిపె ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది.
దీపం చాటున ఉంది గానీ
దాని వేడి తగిలిన గాలి ఇంకా బయటే ఉంది.
ఆ గాలిలో ఇనుము వెలుగుతోంది.
కరెంటు పోయింది. బ్యాటరీ పన్నెండు శాతం.
ఫైలు భద్రపరిచి చీకట్లో కూర్చున్నాను, దగ్గుతూ.

నిన్న యార్డు గోడ వార ఒక తాలు కాయ దొరికింది.
బ్యాగులో వేసుకొచ్చి, ఎవరూ అడక్కపోయినా
పొడి కొట్టి, నానేసి, దీపానికి అడ్డం పెట్టాను.
సున్నా అనుకున్నాను.
పదకొండు వచ్చింది.
ల్యాబు రిజిస్టర్‌లో దానికి గడి లేదు.
రాత్రి నోటుబుక్కులో రాసుకున్నాను,
ఇనుము కింద.